స్ట్రాంగ్ రూములో కాజా

మా విశ్వపతి గారికి ఎన్నికలు నిర్వహించడం తప్ప ఇంకేమీ రాదని ఆఫీసులో కొందరు అంటుంటారు. అది ఆయనకి చేసే అన్యాయం. ఆయనకి పదో తరగతి పరీక్షలు నిర్వహించడం కూడా వచ్చు. ఉద్యోగంలో చేరిన నాటినుంచీ ఈ రెండే చేశారు, రెండూ మచ్చ లేకుండా చేశారు. అందుకే కొత్తమెరక పట్టణంలో ఏటా జరిగే శునక ప్రదర్శనకి ఆయన్ని భద్రతా సౌకర్యాల ప్రత్యేకాధికారిగా వేశారు. నేను ఆయన కింద డిప్యూటీ తహసీల్దారుని. ఆయన ఎక్కడికి వెళ్తే అక్కడికి ఫైలు మోసుకుని వెళ్లడం నా పని.

కుక్కలకి ప్రత్యేకాధికారి ఎందుకని మీరు అడగవచ్చు. కిందటేడు ప్రదర్శనలో జ్యోతి ప్రజ్వలన జరుగుతుండగా ఒక గ్రేట్ డేన్ గొలుసు తెంపుకుని వేదికెక్కింది. ఎవరినీ కరవలేదు. ముఖ్య అతిథి మెడలో దండ తినేసి, ఆయనకి కప్పబోతున్న శాలువా నోట కరుచుకుని మైదానం చుట్టూ పరిగెత్తింది. జనం చప్పట్లు కొట్టారు. ఆ రోజు కార్యక్రమాలన్నిటిలో చప్పట్లు పడింది ఆ ఒక్కదానికే. ముఖ్య అతిథి మనసు మాత్రం కష్టపడింది. ఇకమీదట ప్రదర్శనకి వచ్చే కుక్కలకి పటిష్టమైన భద్రత, సంతృప్తికరమైన సౌకర్యాలు కల్పించాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది.

మొదటి సమావేశానికి పశువైద్యాధికారిణి డాక్టరు ఎస్తేరు గారిని పిలిచాం. ఆవిడ సూటిగా మాట్లాడే మనిషి. సమావేశాల్లో అది పెద్ద లోపం.

"పెద్దగా ఏం అక్కర్లేదండి," అన్నారావిడ. "నీడ ఉండాలి, గిన్నెలో నీళ్లుండాలి. ఒక్కోదానికి ఒక్కో బోను, కాళ్లు చాపుకునేంత. యజమాని పక్కన కూర్చుంటే చాలండి, కుక్క ఎక్కడికీ పోదు."

విశ్వపతి గారు కళ్లజోడు తీశారు. ఆయన కళ్లజోడు తీశారంటే ఎదుటివాళ్లు తప్పు మాట్లాడారని అర్థం.

"యజమాని పక్కన కూర్చుంటాడు. కూర్చుని ఏం చేస్తాడు?"

"ఏముందండీ, నిమురుతాడు. బిస్కెట్టు పెడతాడు."

"అంటే ప్రలోభపెడతాడు," అన్నారు విశ్వపతి గారు. నా వైపు తిరిగి, "రాసుకోండి. ప్రదర్శనకు ముందు రోజు సాయంత్రము నుండి ఏ శునకమునకు గాని, ఎవ్వరు గాని, తినుబండారముల రూపేణా లేదా లాలన రూపేణా ఎట్టి ప్రలోభములు చూపరాదు," అన్నారు.

నేను రాసుకున్నాను.

"మరి రాత్రి తిండి ఎలాగండి?" అన్నారు డాక్టరు గారు.

"తిండి ప్రభుత్వం పెడుతుంది. ప్రభుత్వం పెట్టేది ప్రలోభం కిందకి రాదు. అది సంక్షేమం."

డాక్టరు గారు ఆ తర్వాత టీ తాగడానికి తప్ప నోరు తెరవలేదు.

మర్నాటినుంచి ఊళ్లో ప్రవర్తనా నియమావళి అమల్లోకి వచ్చింది. జూనియర్ కాలేజీ మైదానం చుట్టూ సున్నంతో గీత గీయించాం. గీత లోపలున్న చికెన్ పకోడీ బళ్లు ఎత్తించేశాం. మందుల షాపు గోడమీద కుక్కబిస్కెట్ల బొమ్మలో ఒక జాతికుక్క నవ్వుతూ ఉంటే, మిగతా జాతులకంటే దానికి అనుచిత లబ్ధి చేకూరుతుందని మొహానికి గుడ్డ కప్పించాం. జిరాక్సు షాపులు కూడా మూయించాం. కుక్కల పోటీకి జిరాక్సు షాపు ఎందుకు మూయాలని ఒకాయన అడిగాడు. సార్ నా వైపు చూశారు, నేను ఆకాశం వైపు చూశాను. పరీక్షలకి మూయించి మూయించి అలవాటైపోయింది, అంతే.

సౌకర్యాల విషయంలోనూ లోటు రానివ్వలేదు. పోలింగు కేంద్రంలో ఏమేం ఉండాలో సార్‌ని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. రాత్రికి కుక్కల్ని ఉంచే స్ట్రాంగ్ రూముగా కాలేజీ ఫిజిక్సు లేబుని తీసుకున్నాం. దాని ముందు ఒకే ఒక మెట్టు ఉంది. దానికి ర్యాంపు కట్టించాం. చలివేంద్రం పెట్టి, కుండమీద గ్లాసు బోర్లించాం. రెండు మరుగుదొడ్లు కట్టించి ఒకదానిమీద మీసాలున్న కుక్క బొమ్మ, ఇంకోదానిమీద జడ ఉన్న కుక్క బొమ్మ వేయించాం. కుక్కలు వాసన చూసుకుని పోస్తాయి గాని బొమ్మ చూసుకుని పోయవని డాక్టరు గారన్నారు. అవగాహన సదస్సు పెట్టిద్దామన్నారు సార్. సహాయ కేంద్రం అని బోర్డు పెట్టి ఒక గుమాస్తాని కూర్చోబెట్టాం. ఒక్క కుక్క కూడా ఫిర్యాదుతో రాలేదు. వందశాతం సంతృప్తి అని పైకి నివేదిక పంపించాం.

ప్రదర్శనకి ముందు రోజు సాయంత్రం కుక్కలు రావడం మొదలైంది. వచ్చినదాన్ని వచ్చినట్టు వరసలో నిలబెట్టి, పేరు పిలిచి, ముందుకాలి గోరుమీద చెరగని సిరా పెట్టి ఒక్కోదాన్ని ఒక్కో బోనులోకి పంపించాం. సిరా పెట్టడమేమిటని ఎవరూ అడగలేదు. మన జనానికి సిరా అంటే గౌరవం. నల్ల లాబ్రడార్ ఒకటి వచ్చినప్పుడు మాత్రం కాస్త ఇబ్బందైంది. దాని గోళ్లు నల్లవి, సిరా ఆనలేదు. తెల్లసిరాకి అనుమతి కోరుతూ పైకి ఫోను చేశారు సార్. అనుమతి వచ్చేదాకా ఆ కుక్క కాలు పైకెత్తే నిలబడింది.

వరస చివర మంగతాయారు గారు వచ్చారు. మార్కెట్ వీధిలో జాకెట్లు కుడతారావిడ, మా ఆవిడవి కూడా. ఒంటరి మనిషి. ఆవిడ పక్కన పాకంలోంచి తీసినట్టు నిగనిగలాడుతూ ఒక లాబ్రడార్. పేరు కాజా. కాజా కడుపు నేలకి ఆనుతోంది.

"ఈ మజ్జ బాగా ఒళ్లు చేసిందండి," అన్నారు మంగతాయారు గారు సిగ్గుపడుతూ. "ఇడ్లీలు మానిపించేసేను. అయినా తగ్గట్లేదు."

డాక్టరు ఎస్తేరు గారు కాజా వంక అదోలా చూసి, "ఒకసారి పొట్ట చూస్తానండి," అని వంగబోయారు.

"ముట్టుకోకండి," అన్నారు విశ్వపతి గారు. "సిరా పడింది. సిరా పడిన శునకమును ఎవ్వరునూ తాకరాదు."

"చూడాల్సినట్టుందండి సార్. నాకెందుకో ఇది తిండి కడుపులా లేదు."

"అవన్నీ నామినేషను దశలో చూసుకోవాల్సింది."

మంగతాయారు గారికి ఈ మాటలేవీ ఎక్కలేదు. ఆవిడ గొడవ వేరు. "బాబూ, నన్ను కూడా లోపల ఉండనివ్వండి. ఇది రోజూ మిషను కింద నా కాలుమీద తలెట్టుకుని పడుకుంటాదండి. నేను లేకుండా ఎప్పుడూ పడుకోలేదు. బెంగెట్టుకుంటాది."

"అభ్యర్థికి గాని, అభ్యర్థి తరపు ఏజెంటుకు గాని స్ట్రాంగ్ రూములో ప్రవేశం లేదమ్మా. బయట శామియానా వేయించాం. టీవీ కూడా పెట్టించాం. లోపలి పరిస్థితిని అనుక్షణం వీక్షించవచ్చు."

మొత్తం పదిహేడు కుక్కలు. ఫిజిక్సు లేబులో పంకాలు వేసి, తిండీ నీళ్లూ పెట్టి, తలుపు మూసి, తాళం వేసి, తాళంమీద గుడ్డ చుట్టి, గుడ్డమీద లక్క పోసి సీలు కొట్టాం. యజమానులందరిచేతా సంతకాలు పెట్టించాం. మూడంచెల భద్రత ఏర్పాటైంది. మొదటి అంచెలో పోలీసులు, రెండో అంచెలో ఇంకొందరు పోలీసులు. మూడో అంచెకి మనుషులు చాలక మొదటి అంచెవాళ్లనే లోపలివైపు తిరిగి నిలబడమన్నాం.

శామియానాలో టీవీ ముందు యజమానులు కూర్చున్నారు. కెమెరాని తలుపుమీదకి తిప్పి పెట్టాం కాబట్టి తెరమీద తలుపు కనిపించింది. లోపల ఏం జరుగుతోందో తెలియలేదు గాని, తలుపు మాత్రం చాలా స్పష్టంగా ఉంది.

చీకటి పడుతుండగా లోపలినుంచి మూలుగు మొదలైంది. మొరుగుడు కాదు. సన్నగా, ఆగి ఆగి వస్తోంది.

మంగతాయారు గారు లేచి నిలబడ్డారు. "అది మా కాజా. దాని గొంతు నాకు తెల్దా? దానికేదో అవుతోందండి. తలుపు తియ్యండి."

డాక్టరు గారు కూడా మందులపెట్టె పట్టుకుని వచ్చారు. విశ్వపతి గారు ఇద్దరినీ కూర్చోమన్నారు. ఎంత మర్యాదగా అన్నారంటే, ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి కూడా నాకు కాసేపు పట్టింది.

"పరిశీలకులు రేపు ఉదయం వస్తారు. వారి సమక్షంలో తప్ప సీలు తీయడం నిబంధనలకు విరుద్ధం. నా సర్వీసులో మధ్యలో తలుపు తెరిచిన చరిత్ర లేదు."

"ఈలోగా ఏదైనా అయితేనండీ?" అన్నారు డాక్టరు గారు.

"ఏదైనా అయితే ఆ విషయం కూడా పరిశీలకుల సమక్షంలోనే బయటపడుతుంది."

మంగతాయారు గారు వెళ్లి సున్నపు గీత పక్కన, గీత తొక్కకుండా కూర్చున్నారు. "కాజా, ఇక్కడే ఉన్నానమ్మా," అని గదివైపు తిరిగి చెబుతూనే ఉన్నారు. నేను పాతికేళ్లుగా ఈ ఉద్యోగంలో ఉన్నాను, చాలా అర్జీలు విని ఊరుకున్నాను. ఆ మూలుగు మాత్రం వినలేకపోయాను. ఒక కుర్చీ తెచ్చి ఆవిడకి వేశాను. అంతకంటే ఎక్కువ సాయం చేయడానికి నా స్థాయి చాలదు.

పొద్దున్నే పరిశీలకులు నరహరి గారు రాజధానినుంచి కారులో దిగారు. సన్నగా, పొడుగ్గా, దేనికీ ఆశ్చర్యపోని మనిషి. సీళ్లు చూశారు. చెక్కుచెదరలేదు. లక్క పగలగొట్టి తలుపు తెరిచాం. లెక్క పెట్టడం నా పని కాబట్టి నేను బోనులవెంట లెక్కపెట్టుకుంటూ వెళ్లాను. చివరి బోను దగ్గర ఆగి, మళ్లీ మొదటినుంచి వచ్చాను.

"ఎంత?" అన్నారు విశ్వపతి గారు.

"ఇరవైమూడు సార్."

ఇంత సర్వీసులో ఆయనకి ఒక్క ఓటు తేడా రాలేదు. "ఇరవైమూడు ఎలా వస్తాయి? నిన్న పదిహేడే కదా పోలైంది?"

వెంటనే హెడ్ కానిస్టేబుల్‌ని విధులనుంచి తప్పించాం. కిటికీ ఊచలు కొలిపించాం. కెమెరాలో రికార్డైంది మొత్తం వేసి చూశాం. ఒక బల్లి తలుపుమీద ఆ మూలనుంచి ఈ మూలకి పాకింది. పాకుతున్నప్పుడు దాని నోట్లో కుక్కపిల్ల లేదని అందరం కలిసి నిర్ధారించుకున్నాం.

"బయటి శక్తుల ప్రమేయం ఉంది," అన్నారు విశ్వపతి గారు.

"శక్తులేం లేవండి," అన్నారు డాక్టరు ఎస్తేరు గారు, చివరి బోను ముందు మోకాళ్లమీద కూర్చుని. "కాజా పిల్లల్ని పెట్టింది. ఆరు. అన్నీ బాగానే ఉన్నాయి, దేవుడి దయవల్ల."

"ఏ నిబంధన కింద?"

డాక్టరు గారు మందులపెట్టె తెరిచి దూది తీసుకున్నారు.

ఈలోగా మంగతాయారు గారు బోను దగ్గరికి వచ్చేశారు. ఎవరూ ఆపలేదు, ఆపే హెడ్ కానిస్టేబుల్ విధుల్లో లేడు. కాజా అలసిపోయి పడుకుని ఉంది. తోకమాత్రం నేలకేసి కొడుతోంది. దాని పొట్టని ఆనుకుని ఆరు పిల్లలు, మూడు పాకం రంగువి, మూడు నల్లవి.

"రెండు నెల్లకితం గేటు గడియెట్టడం మర్చిపోయేను," అన్నారు మంగతాయారు గారు. "మా సందు చివర నల్లోడు ఉన్నాడండి. ఆడి పనే. నేనేమో పిచ్చిదాన్ని, ఇడ్లీలు మానిపించేసేను." ఆవిడ కళ్లు తుడుచుకుని నవ్వారు. "పదమ్మా, ఇంటికెళ్లిపోదాం."

"ఆగండి," అన్నారు విశ్వపతి గారు కళ్లజోడు తీసి. "తల్లి లెక్కలో ఉంది. దాన్ని సంతకం పెట్టి తీసుకెళ్లవచ్చు. ఈ ఆరూ అదనపువి. వీటిని విడిగా సంచిలో వేసి, సీలు చేసి, విచారణ ముగిసేవరకు ట్రెజరీలో భద్రపరచాలి."

"ట్రెజరీలోనా?" అన్నారు మంగతాయారు గారు. "పాలెవరిస్తారండీ? ట్రెజరీ ఆఫీసరు గారిస్తారా?"

"పాలు నా పరిధిలోకి రావు."

"నాకు కప్పులొద్దు, బహుమతులొద్దు. తల్లినీ పిల్లల్నీ ఇడదీస్తే ఊరుకోనండి. నన్ను కూడా ఆ సంచిలో ఏసి సీలెయ్యండి."

సార్ నాకు గుడ్డసంచి అందించారు. నేను తీసుకున్నాను. కాజా తలెత్తి నావైపు చూసింది. సంచి మూతి తెరుచుకోవడం లేదని అబద్ధం చెప్పి, దాంతో కుస్తీ పడుతున్నట్టు నటించాను.

పరిశీలకులు నరహరి గారు ఇప్పుడు మెల్లిగా గొంతు సవరించుకున్నారు.

"విశ్వపతీ, నిన్న సాయంత్రం గదిలో పెట్టిన సరుకు పదిహేడు. ఈరోజు తీస్తే ఇరవైమూడు. అంటే పెరిగింది."

"క్షమించాలి సార్."

"క్షమించడం ఎందుకయ్యా? నేను సర్వీసంతా గిడ్డంగులు తనిఖీ చేశాను. బియ్యం పెడితే ఎలకలు తిన్నాయంటారు. పంచదార పెడితే చెమ్మకి కరిగిందంటారు. ఇనప కడ్డీలు పెడితే గాలికి ఎగిరిపోయాయని ఒకాయన రాసిచ్చాడు. ప్రభుత్వం తాళం వేసిన గదిలో సరుకు తెల్లారేసరికి పెరగడం నేనింతవరకూ చూడలేదు. నువ్వేం చేశావు?"

విశ్వపతి గారు కళ్లజోడు పెట్టుకున్నారు.

"ఆయనేం చేయలేదండి," అన్నారు డాక్టరు గారు. "చేసిందంతా కుక్కే..."

"డాక్టరు గారూ," అన్నారు విశ్వపతి గారు గట్టిగా, "సదరు శునకమునకు, ఈ పెరుగుదలకు ఎట్టి సంబంధము లేదు. ఇది కేవలం మూడంచెల భద్రత, ర్యాంపు, తాగునీరు మొదలగు కనీస సౌకర్యముల వలన సాధ్యమైనది." తర్వాత మంగతాయారు గారి వైపు వంగి, గొంతు తగ్గించి, "అమ్మా, మీ కుక్కనీ దాని పక్కనున్నవాటినీ తీసుకుని వెంటనే వెళ్లిపోండి," అన్నారు.

"సంతకమండీ?"

"అక్కర్లేదు. మీరసలు ఇక్కడికి రాలేదు."

ఆవిడ రెండోమాట అడగలేదు. ఆరు పిల్లల్నీ కొంగులో వేసుకున్నారు. నేను సంచి పారేసి, కాజాని మోసుకెళ్లి మా జీపులో పడుకోబెట్టాను. మెడనొప్పి ఇప్పటికీ ఉంది. ఉంటే ఉండనీ.

ఆ తర్వాత ప్రదర్శన కూడా జరిగిందనుకుంటాను. ముఖ్య అతిథికి శాలువా నిరాటంకంగా కప్పారని పేపర్లో చదివాను.

కొత్తమెరక విధానం అన్న పేరు అప్పుడే పుట్టింది. మిగతా జిల్లాలవాళ్లు వచ్చి ఫిజిక్సు లేబు చూసి, తలుపు తట్టి, ర్యాంపు కొలతలు రాసుకుని వెళ్లారు. విశ్వపతి గారికి ప్రశంసాపత్రం వచ్చింది. దాంతోపాటు రేషను బియ్యం, బడిపిల్లల బూట్లు, వంటనూనె పీపాలు కూడా వచ్చాయి. అన్నిటినీ ఆ గదిలోనే పెట్టి పెంచవలసిందిగా ఉత్తర్వు. కాలేజీ పిల్లలు వరండాలో కూర్చుని ఫిజిక్సు చదువుకోవడం మొదలుపెట్టారు.

బస్తాలకి, బూట్లకి, పీపాలకి సిరా చుక్కలు పెట్టాం. నీళ్లు పెట్టాం. పంకాలు వేశాం. సీలు కొట్టాం. తలుపు తీసి చూస్తే, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఒక్క గింజ తగ్గలేదు. మన గిడ్డంగుల చరిత్రలో అది కూడా వింతే. కానీ దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. కుక్కల విషయంలో నమోదైన పెరుగుదల బియ్యం విషయంలో ఎందుకు నమోదు కాలేదో సంజాయిషీ ఇవ్వాలని సార్‌కి తాఖీదు వచ్చింది.

ఆయన ఆ పూట భోజనం చేయలేదు. సాయంత్రం నన్ను పిలిచి, "జీపులో బోను ఎక్కించండి," అన్నారు.

మేం వెళ్లేసరికి మంగతాయారు గారు మిషను తొక్కుతున్నారు. మిషను కింద కాజా వెల్లకిలా పడుకుని ఉంది. దానిమీద ఆరు పిల్లలూ ఎక్కి దిగుతున్నాయి. గుమ్మంలో మమ్మల్నీ, వెనక బోను పట్టుకున్న కానిస్టేబుళ్లనీ చూసి ఆవిడ మిషను ఆపారు. కాలు మాత్రం కాజామీంచి తీయలేదు.

విశ్వపతి గారు జేబులోంచి కాగితం తీసి చదివారు. "ప్రజా ప్రయోజనముల దృష్ట్యా, సదరు శునకము సేవలను డెప్యుటేషను పద్ధతిపై తక్షణమే ప్రభుత్వమునకు అప్పగించవలెను."

"అక్కడ దానికేం పనండి?"

"పనేం లేదమ్మా. బస్తాల మధ్య ఊరికే ఉండాలి. మిగతాది సౌకర్యాలు చూసుకుంటాయి."

ఒక కానిస్టేబుల్ బోను తలుపు తెరిచాడు. కాజా లేచి పిల్లలకి అడ్డంగా నిలబడింది. ఈసారి నా చేతిలో సంచి కూడా లేదు, ఏం నటించాలో తోచలేదు. నేను నేలచూపులు చూస్తూ నిలబడ్డాను.

మంగతాయారు గారు ఒకసారి కాజాని చూశారు, ఒకసారి సార్ చేతిలో కాగితాన్ని చూశారు. పళ్లమధ్యనున్న గుండుసూది తీసి దిండుకి గుచ్చారు.

"పంపిద్దునండి. కానీ సెలవులో ఉంది కదండీ."

"ఏం సెలవు?"

"కానుపు సెలవండి."

కానిస్టేబుల్ చేతిలో బోను తలుపు అలాగే ఉండిపోయింది. విశ్వపతి గారు కళ్లజోడు మీదకి చెయ్యి తీసుకెళ్లారు, కానీ తీయలేదు. సెలవు నిబంధనలన్నీ ఆయన బుర్రలో ఒక్కొక్కటే తిరుగుతుండడం నాకు బయటికి కనిపించింది.

"బతికున్న పిల్లలు ఇద్దరికి మించి ఉంటే ఆ సెలవు వర్తించదు," అన్నారు చివరికి. "ఇక్కడ ఆరుగురు ఉన్నారు."

"తొలి కాన్పండి," అన్నారు మంగతాయారు గారు. "అన్నీ ఒక్కసారే పుట్టేయి. కావాలంటే మీ డిప్యూటీ గారిని అడగండి, ఆయనే లెక్కెట్టేరు."

ఆయన నా వైపు తిరిగారు. నేను తల ఊపాను. ఉద్యోగంలో అంత గట్టిగా నేనెప్పుడూ తల ఊపలేదు.

విశ్వపతి గారు ఉత్తర్వు నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. ఖాళీ బోను జీపులో ఎక్కించమని కానిస్టేబుళ్లకి చెప్పారు. మెట్లు దిగబోతూ ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, వెనక్కి తిరిగారు.

"పొడిగింపు కావాలంటే గడువుకి ముందే దరఖాస్తు పెట్టించండమ్మా."